యాభై నాలుగో నిమిషం

మొదటి రోజే సార్ మా బోర్డులన్నిటినీ తీసుకుని మూడో అంతస్తు వరండాలోంచి కిందికి వదిలేశారు. విసరలేదు. పిట్టగోడ అవతలికి చెయ్యి చాపి, వేళ్ళు విప్పి, ఒక్కొక్కటిగా వదిలారు. కింద సిమెంటు గచ్చు. పన్నెండుమందిమి వరసగా నిలబడి చూశాం. వారం రోజులపాటు వేళ్ళు కాల్చుకుంటూ అతికించిన చిప్పులు, తీగలు, చిన్న దీపాలు అవి.

"కిందికెళ్ళి ఎవరివి వాళ్ళు ఏరుకోండి," అన్నారు. "దీపం వెలిగినవాళ్ళు పైకి రండి. మిగతావాళ్ళు ఇళ్ళకు వెళ్ళి హాయిగా పరీక్షలకు చదువుకోండి. రాకెట్టు కుదుపు ముందు ఇదెంత? పైకెళ్ళాక ఊడిపోతే మీ నాన్న నిచ్చెన వేసుకుని వెళ్ళి అతికిస్తాడా?"

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట ఇది. విశాఖపట్నంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను ఎలక్ట్రానిక్స్ మూడో ఏడు చదువుతున్నాను. సార్ ఉపగ్రహాల పనిలో ముప్పై ఏళ్ళు గడిపి, రిటైరై, మాకు పాఠాలు చెప్పడానికి వచ్చారు. జానెడు కూడా లేని ఒక చదరపు పెట్టె, కిలో బరువు. దాన్ని పిల్లల చేత తయారు చేయించి, ఎప్పటికైనా ఏదో ఒక రాకెట్టులో ఓ మూల చోటు సంపాదించి పంపాలని ఆయన కోరిక. అలాంటి బుల్లి ఉపగ్రహాలు అప్పటికి ప్రపంచంలోనే కొత్త. ముందు బెలూనుకు కట్టి ఎగరేస్తాం, అది బతికితే ఆకాశం సంగతి చూద్దాం అన్నారు.

కిందికి వెళ్ళి నా బోర్డు తీసుకున్నాను. వెలగలేదు. బ్యాటరీ నుంచి వచ్చే తీగ ఊడిపోయింది. మెట్ల మీద నిలబడి ఏడుపు ఆపుకుంటున్నాను. నా వెనక మెట్టెక్కుతున్న అమ్మాయి నా చేతిలోంచి బోర్డు తీసుకుంది. మా క్లాసే, కానీ అప్పటిదాకా నేను ఆమెతో మాట్లాడలేదు. తగరపువలస దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఒక పల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. వాళ్ళ నాన్న వేటకు వెళ్తాడు, వాళ్ళమ్మ తగరపువలస బజారులో చేపలు అమ్ముతుంది. ఊడిన తీగను ఆమె పళ్ళతో ఒలిచి, మెలితిప్పి, తన జడకున్న రబ్బరు బ్యాండు తీసి బిగించింది. దీపం వెలిగింది.

"పద, పైకి పోదాం. సారు అతుకు సంగతి అననేదు, దీపం సంగతే అన్నారు," అంది.

ఆమె బోర్డు దానంతటదే వెలిగింది. సీతమ్మధార నుంచి వచ్చే ఒక డాక్టరుగారి అబ్బాయిది కూడా వెలిగింది. పన్నెండుమందిలో మిగిలింది మేం ముగ్గురం. రబ్బరు బ్యాండును సార్ చూశారో లేదో నాకు తెలీదు. చూసి ఉంటారనే ఇప్పుడు అనుకుంటాను. ఆయనకు కనపడనిదంటూ ఉండేది కాదు.

నా సంగతి కూడా చెప్పాలి. మాది మల్కాపురం. నాన్న పోర్టులో క్రేను నడిపేవారు. తొంభైల్లో నేను బడికి వెళ్ళే రోజుల్లో గాలి ఎటు నుంచి వీస్తోందో కళ్ళు మూసుకుని చెప్పేదాన్ని. ఒక వైపు నుంచైతే రిఫైనరీ గ్యాసు, ఇంకో వైపు నుంచైతే బొగ్గు పొడి. ఉతికి ఆరేసిన యూనిఫాం మీద నల్లగా సన్నటి నుసి పడేది. ఇంటర్‌లో పట్నం మధ్యలో ఉన్న కాలేజీకి వెళ్ళాక, నా పక్కన కూర్చున్న అమ్మాయి ఒకరోజు నా చున్నీ వాసన చూసి, "మీ ఇంట్లో కిరోసిన్ ఒలికిందా?" అని అడిగింది. ఆ రోజు నుంచి చున్నీలో మల్లెపూలు చుట్టి పెట్టుకునేదాన్ని. నాను అనడం మానేసి నేను అనడం, ఏటి అనడం మానేసి ఏమిటి అనడం అద్దం ముందు నిలబడి నేర్చుకున్నాను. ఇంజనీరింగ్‌కి వచ్చేసరికి నేను ఎక్కడిదాన్నో ఎవరికీ తెలియనంతగా తయారయ్యాను.

ఆమె అలాంటివేం చేయలేదు. నాను అనే అనేది. సెమినారులో కూడా "నాను సెప్తాను సార్" అని లేచేది. వెనక బెంచీల వాళ్ళు ఆ మాటను వెక్కిరింతగా అప్పజెప్పేవాళ్ళు.

ల్యాబులో పని పంచారు సార్. ప్రోగ్రాం నాది. అతుకులు ఆమెవి. కింద ఉండి కబురు వినే రిసీవరూ ఏంటెనాలూ డాక్టరుగారి అబ్బాయివి. సోల్డరింగ్‌లో ఆమె చేతికి సాటి లేదు. ఆవగింజంత చిప్పు కాళ్ళను కూడా ఊపిరి బిగబట్టి ఒక్కో చుక్కతో అతికించేది. ప్రతి చుక్కా నున్నగా, వెండి పూసలా మెరిసేది. సార్ భూతద్దం పెట్టి చూసి, మెచ్చుకోవడం ఇష్టం లేనట్టుగా, "వలలు అల్లే చేతులు. అలవాటు," అన్నారు.

"నాను వల అల్లనేదు సార్. వలలు మావోళ్ళు కొనుక్కుంటారు," అంది ఆమె.

నేను నవ్వాను. డాక్టరుగారి అబ్బాయి కూడా నవ్వాడు. అదే మొదలు.

ఒకరోజు మధ్యాహ్నం ల్యాబులో కిటికీలు మూసి ఉన్నాయి. డాక్టరుగారి అబ్బాయి ముక్కు ఎగబీల్చి, "ఏదో వాసన," అన్నాడు. ఆ వేళ పొద్దున్న మా పేటలో గ్యాసు వాసన గట్టిగా ఉంది. చున్నీ దగ్గరకు లాక్కున్నాను. ఆ మాట నా దాకా రాకముందే నేను ఆమె వైపు కళ్ళతో చూపించి, "ఎండుచేపలు," అన్నాను మెల్లగా. వాడు పగలబడి నవ్వాడు. తల వంచుకుని అతుకు పెడుతున్న ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది. ఆ తర్వాత ఆ పేరు క్లాసంతా పాకింది. ఎవరు పెట్టారని ఆమె ఎప్పుడూ అడగలేదు. విన్నది కదా.

మళ్ళీ అదే బల్ల మీద ఆ బుల్లి పెట్టెకు ప్రాణం పోయడం నేర్చుకున్నాను. ఆ రోజులు చెడ్డవని చెప్పడం కూడా నాకు చేత కాదు. చిప్పుకు ఏమీ తెలియదు. వేడిని కొలువు అంటే కొలుస్తుంది, కొలిచింది పంపు అంటే పంపుతుంది. పంపాక ఏం చేయాలో నేను చెప్పకపోతే అలాగే గుడ్లప్పగించి నిలబడుతుంది. నేను అనుకున్నది కాదు, నేను రాసింది చేస్తుంది. ఆ రెండిటికీ తేడా తెలుసుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

సార్ పద్ధతి వేరు. ప్రోగ్రాం నడుస్తుండగా వెనక నుంచి వచ్చి బ్యాటరీ పీకేసేవారు. "చచ్చిపోయింది. తిరిగి లేచాక తాను చచ్చానని దానికి తెలుస్తుందా? తెలిసేలా రాయి." రాసేదాన్ని. మళ్ళీ పీకేసేవారు. ఐదు నిమిషాలకోసారి, పది నిమిషాలకోసారి. నడిచినంత సేపు నడవనిస్తే కదా, అరగంట దాటి ఆ ప్రోగ్రాం ఏనాడూ బతకలేదు. నేను ఒకసారి ఏడిస్తే, "కన్నీళ్ళు బోర్డు మీద పడనీకు. ఉప్పు," అన్నారు. మరో రోజు నేను రాసిన నలభై పేజీలు చదివి, ఒక్క తప్పు దగ్గర వేలు పెట్టి, పేజీలన్నీ రెండుగా చించి నా ఒళ్ళో పెట్టారు. కంప్యూటర్లో ఉన్నదే కదా అనుకుంటారు మీరు. ఆ పూట నాకు అలా అనిపించలేదు.

ఆయనంటే భయం. ఆయన మెప్పు అంటే అంతకంటే ఆకలి.

నాలుగో ఏడు చలికాలంలో బెలూను ఎగరేశాం. అనుమతి కాగితాలు వచ్చాయి. పెట్టె మీద అంటించడానికి ఆమె ఒక చీటీ రాసింది. 'ఇది బాంబు కాదు. కాలేజీ పిల్లలు చేసిన యంత్రం. దొరికినవాళ్ళు దయచేసి ఈ నంబరుకు ఫోను చేయండి' అని, పెద్ద అక్షరాలతో. ఇంగ్లీషులో రాయాలన్నాడు డాక్టరుగారి అబ్బాయి. "సముద్రంలో పడితే ఇంగ్లీసోళ్ళా తీస్తారు?" అంది ఆమె.

తెల్లవారాక కాలేజీ మైదానంలో పెట్టెకు బ్యాటరీ కలిపాం. కబుర్లు రావడం మొదలైంది. పది సెకన్లకోసారి ఒక కూత, తెర మీద ఒక వరస అంకెలు. వేడి ఎంత, గాలి ఒత్తిడి ఎంత అని. బెలూనులో గ్యాసు నింపడానికే పావుగంట పైన పట్టింది. వదిలాం. కొండల వైపు వెళ్తుందనుకుంటే సముద్రం వైపు తిరిగింది. వేడి పడిపోతోంది. పదహారు, తొమ్మిది, సున్నా, మైనస్ ఇరవై. నేను రాసింది అంత ఎత్తున, అంత చలిలో, నాతో మాట్లాడుతోంది. సార్ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని ఆకాశంలోకి చూస్తున్నారు. ఆయన పెదవులు అంకెల్ని లోలోపల చదువుతున్నాయి.

ఉన్నట్టుండి కూత ఆగిపోయింది. ఏంటెనా ఇటూ అటూ తిప్పాం. లేదు. గంట చూశాం. లేదు. రిసీవరు పక్కన కూర్చుని టైము రాస్తున్న ఆమె పెన్ను మూత పెట్టేసింది.

"తీగ అతుకు," అన్నారు సార్. "చలికి బిగుసుకుని పగిలింది. ఏంటెనా అతుకు."

ఆమె టైములు రాసిన కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. నేను ఆ మాట నమ్మాను. అప్పటికి నాకు నిజంగానే తెలియదు.

మూడో రోజు వాళ్ళ నాన్న పెట్టెను పట్టుకొచ్చాడు. పక్క ఊరి పడవ వాళ్ళ వలలో చిక్కుకుందట. చీటీ చదివించుకుని, ఫలానావాళ్ళ పిల్ల చేసిందని ఎవరో చెబితే, చుట్టుకున్న వల ముక్కతో సహా తీసుకెళ్ళి ఆయనకు ఇచ్చారు. ఆయన దాన్ని కొత్త తువ్వాలులో చుట్టుకుని, రెండు బస్సులు మారి, ల్యాబు గుమ్మం దాకా వచ్చి ఆగాడు. చెప్పులు బయటే విప్పేశాడు. కూతురు చేసిన వస్తువును తనే తెచ్చానన్న సంతోషం మొహంలో దాగడం లేదు.

సార్ పెట్టె విప్పారు. ఏంటెనా తీగ అతుకు దగ్గర తెగి వేలాడుతోంది.

"చూడండి," అన్నారు మాతో.

"వలలో సిక్కుకుపోతే నానే పట్టి లాగినాను బాబూ, ఆ తీగని," అన్నాడు ఆయన గుమ్మంలోంచి. "తప్పయిపోయిందేటి?"

"మీరు లాగినా ఊడకూడదు. అది అతుకు అంటే. ఆడపిల్లకు చదువు చెప్పించారు, సంతోషం. చదువు వేరు, పని వేరు." తర్వాత ఆమె వైపు తిరిగి, "అలమారలో రెండో బోర్డు ఉంది కదా. దానికీ నువ్వే కదా అతికించావు. అన్నీ విప్పెయ్. ఒక్క చుక్క మిగలకూడదు," అన్నారు.

"ఇప్పుడా సార్?"

"ఇప్పుడే. మీ నాన్న కూడా చూస్తారు, ఎంత కష్టమో."

ఆమె బల్ల దగ్గర కూర్చుంది. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కింది. ఒక్కో చుక్కను కరిగించి, పీల్చి, చిప్పును లేపి, ట్రేలో వేయాలి. ట్రే పట్టుకోమని సార్ నాకు చెప్పారు. పట్టుకున్నాను. ముందు బ్యాటరీ పలక, తర్వాత రేడియో, తర్వాత వేడిని కొలిచే ముక్క. నా ప్రోగ్రాం ఉన్న చిప్పును మాత్రం, "అది ఉండనీ," అన్నారు సార్. రెండున్నర గంటలు పట్టింది. ఆ రెండున్నర గంటలూ వాళ్ళ నాన్న గుమ్మంలోనే నిలబడ్డాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. ఒకసారి ఆమె చేతి మీద వేడి చుక్క పడింది. చెయ్యి తీయలేదు. నేను ట్రే కూడా కదపలేదు. పని అయ్యాక సార్ ఆమెతో, "రేపటి నుంచి రానక్కర్లేదు," అని, చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు. తండ్రి తువ్వాలు మడత పెట్టుకుని, కూతురి వైపు చూడకుండా మెట్లు దిగాడు.

ఆ వారంలోనే నాకు నిజం తెలిసింది. అతుకులు పెట్టడానికి కొత్తగా వచ్చినవాళ్ళు ఇంకా పని మొదలుపెట్టలేదు. సార్ ఊళ్ళో లేరు. నా చిప్పును వేరే బోర్డులో పెట్టి, కూతలు వస్తున్నాయని చూసి, అలాగే వదిలేసి భోజనానికి వెళ్ళాను. తిరిగి వచ్చి కూర్చున్న కాసేపటికి కూత ఆగిపోయింది. ఊరికే చూద్దామని మళ్ళీ పెట్టాను. ఈసారి గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. యాభై నాలుగున్నర నిమిషాల దగ్గర ఆఖరి కూత వచ్చి ఆగిపోయింది.

తప్పు ఏమిటో కనిపెట్టడానికి పది నిమిషాలు పట్టలేదు. గడిచిన కాలాన్ని లెక్కపెట్టడానికి చిప్పు జ్ఞాపకంలో నేనొక చిన్న గడి ఇచ్చాను. సెకనులో పదో వంతు చొప్పున లెక్క పెరుగుతూ, ముప్పైరెండువేల ఏడువందల అరవై ఏడు దగ్గర, అంటే యాభై నాలుగు నిమిషాల ముప్పైఆరు సెకన్ల దగ్గర, ఆ గడి నిండిపోతుంది. ఆ తర్వాత అంకె ఒక్కసారిగా తిరగబడి మైనస్‌లోకి పోతుంది. తరవాతి కబురు ఎప్పుడు పంపాలన్న లెక్కను మాత్రం పెద్ద గడిలో రాశాను. చిన్న గడి ఎన్నటికీ ఆ అంకెను అందుకోదు. పైన, చలిలో, నా పెట్టె చక్కగా బతికే ఉంది. ఇంకా టైము కాలేదనుకుని ఎదురుచూస్తూ కూర్చుంది. అతుకు పగలలేదు.

ఒక్క మాట మార్చాలి. మార్చాను. పాత ఫైలు తీసేశాను. కంప్యూటరు ఆపి, చున్నీ సర్దుకుని, ఇంటికి వెళ్ళి అన్నం తిన్నాను. ఆ రోజు ఏం కూర అన్నది కూడా గుర్తుంది, వంకాయ. నిద్ర పట్టలేదని చెప్పడానికి లేదు. పట్టింది.

తరవాతి వారం ఆమె నన్ను లైబ్రరీ వెనక పట్టుకుంది. చేతి మీద కాలిన మచ్చ పొక్కి, ఎండిపోతోంది.

"ఒక మాట అడగనా? నీ పోగ్రాం గంటసేపు నడిపి సూసినావా ఎప్పుడైనా?"

"ఎందుకు?"

"ఊరికే. ఓసారి సూడవే. నువ్వు సూసి సెప్తే సారు ఇంటారు."

అంత నెమ్మదిగా అడిగింది. నాకు అక్కడే చెప్పేయడానికి వీలుంది. చుట్టుపక్కల ఎవరూ లేరు. కానీ నాకు ఆ క్షణంలో కనపడింది సార్ మొహం, రెండుగా చిరిగిన కాగితాలు.

"నీ చేతకానితనం నా ప్రోగ్రాం మీద రుద్దకు," అన్నాను. "అతుకు ఊడింది, మీ నాన్నే లాగానని చెప్పాడు. ఎండుచేపలు అమ్ముకునేవాళ్ళకు ఉపగ్రహాలెందుకు?"

ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది. "సరే," అని వెళ్ళిపోయింది. కాలేజీ అయ్యేదాకా మళ్ళీ నాతో మాట్లాడలేదు. ప్రాజెక్టు మారి, చివరి బెంచీ వాళ్ళతో కలిసి ట్రాఫిక్ లైట్ల బొమ్మ ఏదో చేసింది.

రెండో బెలూను వేసవిలో ఎగిరింది. రెండు గంటల పైన మాట్లాడింది. సార్ నా తల మీద చెయ్యి పెట్టారు. ఆయన ఎవరి తల మీదా చెయ్యి పెట్టడం ఎవరూ చూడలేదు. ఆయన రాసిచ్చిన ఉత్తరంతో నాకు పరాయి ఊళ్ళో ఉపగ్రహాలకు ప్రోగ్రాములు రాసే ఉద్యోగం వచ్చింది. మా పెట్టె మాత్రం ఏ రాకెట్టూ ఎక్కలేదు. ఇప్పటికీ ఏదో అలమారలో ఉండి ఉంటుంది.

ఆరేళ్ళు గడిచాయి. ఒకరోజు మా ఆఫీసులో ఒక పరీక్ష మధ్యలో ఆగిపోయింది. నలుగురూ గుమిగూడారు. కొత్తగా చేరిన కుర్రాడొకడు లేచి, "నాదే మేడమ్. గడి చిన్నది ఇచ్చాను," అన్నాడు. మా పెద్దాయన, "సరే, మార్చి మళ్ళీ పెట్టు," అని టీకి వెళ్ళిపోయాడు. అంతే. మొత్తం అర నిమిషం పట్టలేదు. నేను బాత్‌రూంలోకి వెళ్ళి తలుపు వేసుకుని నిలబడ్డాను.

సెలవు పెట్టి వైజాగ్ వచ్చాను. సార్ అంతకు ముందేడే పోయారు. ఆమె ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక దుకాణంలో పడవల వైర్‌లెస్ సెట్లు, చేపల జాడ చూపించే యంత్రాలు బాగుచేస్తోందని తెలిసింది. వెళ్ళాను. బల్ల మీద వంగి అతుకు పెడుతోంది. తల ఎత్తి చూసి, మళ్ళీ వంచుకుంది. ఆ చుక్క పూర్తయ్యేదాకా నన్ను నిలబెట్టింది.

చెప్పాను. దారంతా కూడబలుక్కున్నవన్నీ మరిచిపోయి, అడ్డదిడ్డంగా చెప్పాను.

"నాకు తెల్సు," అంది.

"ఎప్పటి నుంచి?"

"టైము రాసింది నానే కదా. బ్యాటరీ కలిపిన కాడి నుంచి లెక్కేసినాను. యాబైనాలుగున్నర నిమిషాలకి ఆకరి కూత. సిన్న గడి నిండిపోయే అంకె మన పాఠం పుస్తకంలోనే ఉంది. మా నాయన ఎళ్ళిన మర్నాడే లెక్క తేలిపోయింది."

"మరి సార్‌కి చెప్పలేదా?"

"సెప్పినాను. కాగితం మీద ఏసి సూసుకున్నారు. నువ్వన్నది నిజమే అన్నారు." ఐరన్‌ను స్టాండులో పెట్టి, నా వైపు తిరిగింది. "అతుకులు పెట్టేవాళ్ళు నాకు ఎక్కడైనా దొరుకుతారమ్మా, పోగ్రాం రాసేది అదొక్కతే, ఇప్పుడు దాన్ని విరిస్తే నా పెట్టె ఎగరదు అన్నారు. అది దానంతటదే కనుక్కుంటాది, నువ్వు ఓర్సుకో, ఓర్సుకోడం మీకు అలవాటే కదా అన్నారు."

కింద రేవులో ఎవరో ఐసు దంచుతున్నారు. నాకు కూర్చోవాలనిపించింది. కుర్చీ ఒక్కటే ఉంది, అందులో ఆమె ఉంది.

"మరి నన్నెందుకు అడిగావు ఆ రోజు?"

"నువ్వు సెప్తావేమోనని."

క్షమించమన్నాను. ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. "ఇప్పుడు సెప్పి ఏటి సేత్తావు? నీకు బరువు దిగాల. దింపుకో, నాకేటి. నా మీద మాత్రం పెట్టకు," అంది. ఐరన్ మళ్ళీ చేతిలోకి తీసుకుని, "ఒక పని సేత్తావా?" అని అడిగింది.

"ఏదైనా."

"మా ఊరు రా. మా నాయనకి సెప్పు. తీగ నాను లాగబట్టే ఇరిగిపోనాది, దాని సదువు నాను సెడగొట్టినాను అనుకుంటన్నాడు. నాను సెప్పినాను, నమ్మడు. నన్ను ఓదార్సడానికి సెప్తన్నావంటాడు. సారు అన్నదే నిజం ఆయనకి. సారు నేరు. నువ్వున్నావు."

మర్నాడు ఆదివారం. వెళ్ళాను. తగరపువలసలో బస్సు మారి దిగేసరికి ఆమె రోడ్డు మీద నిలబడి ఉంది. ఆమె ముందు, నేను వెనక నడిచాం. వాళ్ళ నాన్న ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ముసలివాడైపోయాడు. పడవ ఇంజను మోతకు చెవులు పోయాయని, గట్టిగా చెప్పాలని ఆమె అప్పుడు చెప్పింది.

చెప్పాను. వినపడలేదు. ఇంకా గట్టిగా చెప్పాను. "ఏటంతంది?" అని కూతుర్ని అడిగాడు. ఆమె జవాబు చెప్పకుండా నా వైపు చూసింది. పక్కిళ్ళ ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. మూడోసారి వీధంతా వినపడేలా అరిచాను. తప్పు నాదని, నేను తప్పు రాశానని, తెలిసి దాచానని, మీ అమ్మాయి అతుకు బాగుందని, మీరు లాగకముందే యంత్రం మూగబోయిందని. అద్దం ముందు నేర్చుకున్న తెలుగంతా ఆ అరుపులో ఎటు పోయిందో. "నాను సేసినాను," అన్నాను. "మీరు కాదు."

"అయితే నాను ఇరగ్గొట్టనేదా?"

"నేదు."

ఆయన అరచేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు. "ఈవిడకి ఇది ఎప్పుడు తెల్సింది?" అని కూతుర్ని అడిగాడు.

"ఆ వారంలోనే. ఆరేళ్ళయింది," అంది ఆమె, ఆయన చెవి దగ్గర.

"ఆరేళ్ళు," అన్నాడు. "దీని పక్కన కూకుని కూడు తినడానికి సిగ్గేసేది నాకు. అది బయటికెళ్ళినాక తినేవోణ్ణి."

కాళ్ళు పట్టుకోబోయాను. ఆయన కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. "వద్దమ్మా. ఎల్లు. మద్దేనం బస్సు పోతే మళ్ళీ సాయంత్రం దాకా నేదు," అన్నాడు. కసురుకోలేదు.

వీధి చివర దాకా ఆమె నాతో వచ్చింది. "మళ్ళీ రావచ్చా?" అని అడిగాను.

"ఏటికి?" అంది.

చేతిసంచి ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాను. ఆమె వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. మలుపు దగ్గర ఆగి చూశాను. అరుగు మీద తండ్రి పక్కన కూర్చుని ఉంది. ఆయన ఏదో అడుగుతున్నాడు, మళ్ళీ మళ్ళీ అదే అడుగుతున్నట్టున్నాడు. ఆమె ఆయన చెవికి నోరు ఆనించి చెబుతోంది. పక్కింటి ఆవిడ నన్ను చూసి, చేతిలోని చేట కింద పెట్టి, ఇంకా ఇక్కడే ఉన్నావా అన్నట్టు నిలబడింది. బస్సు కోసం రోడ్డు మీదికి నడిచాను.